మిరప కల్లంలో చదివిన సీరియల్

మొన్న పత్రికలో నా కథ చూసి, పక్కింటి కోడలు కథలు రాయడానికి మీకు ప్రేరణ ఎవరండీ అని అడిగింది. ప్రభువు దయమ్మా అన్నాను. అది నిజమే గానీ, ఆ దయ ఏ దారిన వచ్చిందో చెప్పాలంటే డెబ్భైల నాటి మా తిరువూరులోని ఒక మిరప కల్లం దాకా వెళ్ళాలి.

నేను బడి మెట్టెక్కినదాన్ని కాను. సాయంత్రాలు నాన్న బైబిలు ముందు పెట్టుకుని, వేలితో అక్షరం అక్షరం చూపిస్తూ నేర్పిన చదువే నాది. ఆ మాత్రానికే, కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళందరికీ నేనే పండితురాలినయ్యాను. వారం వారం బస్టాండు దగ్గరి కొట్లో పత్రిక కొనుక్కొచ్చి, ఎర్రటి రాశి చుట్టూ వాళ్ళు చేతులాడిస్తుంటే, నేను సీరియల్ చదివేదాన్ని. నా వంతు కాయలు వాళ్ళే తలా కాసిని ఏరిపెట్టేవాళ్ళు.

ఒక వారం కొట్టుకి పత్రికల కట్ట రాలేదు. కిందటి వారం కథ ఎక్కడ ఆగిందంటే, ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిన పిల్ల తిరిగొచ్చి, తల్లి గుమ్మం ముందు నిలబడింది. కట్ట రాలేదని చెబుదామనుకున్నాను గానీ, అందరి మొహాలూ చూశాక నోరు రాలేదు. పాత పత్రికే తెరిచి, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను. ఆ తల్లి ఒక్క మాటా అనకుండా లోపలికెళ్ళి, కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చిందని చదివాను. ఆ మాట నా నోటికి ఎవరు అందించారో ఈరోజుకీ తెలియదు. తలెత్తి చూస్తే ఒక్క చెయ్యీ కదలడం లేదు. మా వీధి చివరింటి అత్త కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"ఏంటొదినా, ఘాటెక్కిందా?" అని ఒక పిన్ని వేళాకోళమాడితే, "ముప్పయ్యేళ్ళుగా కాయల్లోనే బతుకుతున్నా, నాకు ఘాటేంటే!" అని కసిరింది.

ఆ అత్త కూతురూ అలాగే వినగడప ఊరి అబ్బాయిని చేసుకుని వెళ్ళిపోయింది. ఒకసారి తిరిగొస్తే అత్త తలుపు తియ్యలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే.

మర్నాడు అత్త పనికి రాలేదు. వినగడప బస్సెక్కిందన్నారు. ఆ రోజే పత్రిక వచ్చింది. అందులో తల్లి తలుపు మూసేసింది. దేవుడి వాక్యం చదివే నోటితోనే అబద్ధం చదివాను, దాన్ని నమ్మి ఒక తల్లి బయలుదేరింది, అక్కడ కూతురు ఛీ పొమ్మంటే ఆ పాపం నాదే కదా! రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడోనాడు అత్త వచ్చింది. వెనకాలే చంటిపిల్లనెత్తుకుని కూతురు. పరుగున వెళ్ళి, పుస్తకంలో అలా లేదత్తా, నేనే కల్పించాను, క్షమించమని ఏడ్చేశాను.

"తెలుసే పిచ్చిదానా," అంది అత్త. "అంతసేపు చదివావు, ఒక్క కాగితమన్నా తిప్పావా?"

తెలిసే వెళ్ళింది! ఆ సాయంత్రమే నాన్న చేత ఒక తెల్లకాగితాల నోటుబుక్కు తెప్పించుకున్నాను.

ఇప్పుడు నా కథలు ఎక్కడెక్కడివాళ్ళో చదువుతున్నారు, బాగుందని రెండు ముక్కలు రాస్తున్నారు, అందరికీ రుణపడి ఉన్నాను. కాకపోతే ఎవరి కథ వాళ్ళు ఒంటరిగా, మనసులో చదువుకునే రోజులివి. చదివాక ఎవరు ఎవరి కోసం బయలుదేరారో నాకు కనిపించదు. కనిపించని ఆ మనిషిని తలుచుకునే, కలం పట్టేముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటాను.