సుక్రి ఎక్కని ఏడు కొండలు

మొన్న మా లోయలో కొత్తగా కట్టిన వ్యూపాయింటు దగ్గర కాఫీ తాగుతుంటే చుట్ట వాసన వచ్చింది. సిగరెట్టు వాసన కాదు. ఇంటి చూరు కింద ఆరిన పొగాకు, చుట్టిన చేతి తడి, కాలిన ఆకు చేదు అన్నీ కలిసిన నాటు చుట్ట వాసన. రెయిలింగు పక్కన ఒక ముసలామె, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, పనసతొనలు అమ్ముకుంటోంది. ఫొటోలు దిగడానికి వచ్చినవాళ్లు ముక్కులు మూసుకున్నారు. కాపలా మనిషి వచ్చి ఆమెని గంపతో సహా లేపేశాడు. నేను నోరు తెరవలేదు. తెరవాల్సిన చోట నోరు మూసుకోవడం, మూసుకోవాల్సిన చోట తెరవడం నాకు పన్నెండో ఏట అబ్బిన విద్య.

ఇంటికొచ్చేసరికి మా పాత మిషను హాస్టలు వాళ్లు వేసిన ఉత్సవ సంచిక వచ్చి ఉంది. అందులో నా చిన్నప్పటి ఫొటో, కింద నాలుగు వాక్యాలు. కాలు బాగోలేని సుక్రి అనే గిరిజన బాలిక, రోము నగరం చూసే అవకాశాన్ని తోటి విద్యార్థి కోసం సంతోషంగా త్యాగం చేసిందట. సంతోషంగా అట. త్యాగమట. నా ఒళ్లు మండిపోయింది. రాసినవాళ్ల మీద కన్నా, పాతికేళ్లకు పైగా ఆ మాట ఊరంతా తిరుగుతుంటే విని ఊరుకున్న నా మీద. సుక్రి ఏమీ త్యాగం చెయ్యలేదు. ఆమె చోటు నేను కాజేశాను. ఎలా కాజేశానో రాస్తున్నాను.

మా నాన్న మిషను బడిలో సోషలు టీచరు. సాలూరు నుంచి ఉద్యోగం కోసం కొండెక్కాడు. హాస్టలు పక్కనే మా రెండు గదుల ఇల్లు. తొంభైల చివరి రోజులవి. వానలు పట్టాయంటే వారాల తరబడి ఎండ ముఖం చూసేవాళ్లం కాదు. బట్టలన్నీ వంటింటి పొయ్యి పైన వేలాడి పొగ వాసన కొట్టేవి, పుస్తకాలు బూజు వాసన కొట్టేవి, పొద్దున్నే వేడి చోడి అంబలి గిన్నెని రెండు చేతులా పట్టుకుని తాగేదాకా వేళ్లు పెన్సిలు పట్టుకోవడానికి వంగేవి కావు. బూడిదలో కాల్చిన పనసగింజలు జేబులో పోసుకుని, తొడకి వేడి తగిలేలా నడుస్తూ బడికి వెళ్లేవాళ్లం. వానలు వెనకబడ్డాక కొండవాలులన్నీ వలిసె పూలతో పచ్చగా పసుపు పూసినట్టు అయ్యేవి. కొర్రల కొత్త పండగ వచ్చినప్పుడు ఊళ్ల నుంచి హాస్టలు పిల్లలకి అడ్డాకు దొన్నెల్లో కొత్త కొర్రన్నం వచ్చేది. సుక్రి తన దొన్నె లోంచి నాకు సగం పెట్టేది.

సుక్రి ఊరు రెండు కొండల అవతల. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి అదిమి నడిచేది. అలా నడిచే రోజూ హాస్టలు కింద పారే గెడ్డలోకి దిగి, బిందెతో నీళ్లు పట్టుకుని మళ్లీ ఎక్కేది. గొంతు విప్పి పాడిందంటే చర్చిలో దగ్గేవాళ్లు కూడా దగ్గు ఆపుకునేవారు.

వాళ్ల అవ్వ సంతరోజున అల్లం, అడ్డాకులు తెచ్చి అమ్మి, తిరిగి వెళ్తూ హాస్టలు గుమ్మంలో కూచునేది. ఆమె కూడా అడ్డపొగే. దూరాన్ని చుట్టల్లో కొలిచేది. సంతకి మూడు చుట్టలు, గెడ్డకి అర చుట్ట. మా నాన్న కిలోమీటర్ల గురించి చెబితే జాలిగా చూసేది. "సదువుకున్నోళ్లకి నేల ఒకలాగే ఉంటాది కావాల బాబూ. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒకటే లెక్కేటి?" అనేది.

ఆ ఏడు వానల్లో ఇటలీ నుంచి ఉత్తరం వచ్చింది. మా కొండల్లోనే ముసలివాడై సొంత దేశం తిరిగి వెళ్లిపోయిన ఫాదరు రాశాడు. తన ఊరి చర్చిలో పాడటానికి నలుగురు పిల్లల్ని పంపమన్నాడు. తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కే ముందు రోము నగరంలో ఒక్క రోజు ఉంటుంది, ఆ రోజు ఏం చూడాలో పిల్లలే రాసుకోవాలి అన్నాడు. రోము ఏడు కొండల మీద కట్టిన ఊరు, నడవడానికి సిద్ధంగా ఉండండి అన్నాడు. ఉత్తరంతో పాటు ఒక బొమ్మల గైడు పుస్తకం పంపాడు. పాడేవాళ్లలో మొదటి పేరు సుక్రిది. నేను ఐదోవాణ్ణి. ఎవరైనా ఆగిపోతే నేను.

ఆ ఒక్క రోజుని మేము రెండు నెలలు ఆడుకున్నాం. హాస్టలు వాకిట్లో గడ్డికుప్పలు ఏడు పోసి, వాటి మధ్య బూడిదతో ఏరు గీసి, అదే రోము అనుకునేవాళ్లం. సుక్రి వెదురుపుల్లతో ముందు నడిచేది. "బేగి రండి, పొద్దెక్కిపోతంది" అని అరిచేది. ఆమెకి అది సంతకి వెళ్లడం లాంటిదే. నోటుబుక్కు చివరి కాగితాల్లో ప్లాను రాసింది. తొలికోడికి లేవాలి. చోడిపిండి మూట కట్టుకోవాలి. ఎండ ముదరకుండా మూడు కొండలు ఎక్కెయ్యాలి. పుస్తకంలో రాతి బొమ్మల నోట్లోంచి నీళ్లు పడుతున్న చోటు ఉంది కదా, అది ఊట, అక్కడ డబ్బాలు నింపుకోవాలి. సగం కూలిన పెద్ద గుండ్రటి గోడ, ఒకప్పుడు పశువుల దొడ్డి అయి ఉంటుంది, దాని నీడలో అన్నం తినాలి. పొద్దు వాలేసరికి పోపుగారి గుడిలో ప్రార్థన.

గైడు పుస్తకం నా దగ్గరే ఉండేది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగింది నేనొక్కణ్ణే కాబట్టి. ఒక మధ్యాహ్నం చదువుతూ ఆ పేజీ దగ్గర ఆగాను. ఆ ఏడు కొండల ఎత్తు యాభై, అరవై మీటర్లు. మా బడి పరుగుపందెం గీత వంద మీటర్లు. అంటే మేము పరిగెత్తే దూరంలో సగం. బస్సులు ఉంటాయని, నేల కింద రైలు కూడా ఉంటుందని రాసి ఉంది. నవ్వొచ్చింది. సుక్రికి చెప్పాలని గుమ్మం దాకా పరిగెత్తాను. గుమ్మంలో ఆగిపోయాను. ఎందుకు ఆగానో ఆ క్షణంలోనే నాకు తెలుసు.

పాసుపోర్టు ఫొటోల కోసం విశాఖ వెళ్లే ముందు ఆదివారం, ప్రార్థన అయ్యాక, హాస్టలు చూసే పెద్ద సిస్టరు తల్లిదండ్రుల్ని కూచోబెట్టింది. నాన్న ఉత్తరం తెలుగులో చదివాడు. ఏడు కొండలనగానే సుక్రి అవ్వ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఒక్క రోజులోనా? కొండకి ఎక్కడానికి రెండు సుట్టలు, దిగడానికి ఒకటి. ఏడు కొండలకి ఇరవై ఒక్క సుట్టలు. పొద్దు పొడిసినకాడ నుంచి ములిగినదాకా నాను కాల్సీది పది."

"నాను నడుత్తాను అవ్వా," అంది సుక్రి. "రోజూ గెడ్డకాడికి ఎల్తన్నాను కదేటి?"

"గెడ్డేటి, ఏడు కొండలేటి! దేశంకాని దేశంలో నీ కాలు ఆగిపోతే ఎవులు మోత్తారే గుంటా?"

సుక్రి నావైపు చెయ్యి చూపించింది. నన్ను సాక్షిగా పిలిచింది. "మేస్టారి గుంటడు పుస్తకం సదివినాడు. ఆడ్ని అడుగు."

అవ్వ అడిగింది. "ఏటి బాబూ, ఎలాగున్నాయి ఆ కొండలు?"

"గాలికొండంత ఉన్నాయి అవ్వా," అన్నాను. మా వైపు అన్నిటికన్నా పెద్ద కొండ అది. "కొన్ని ఇంకా పెద్దవి."

నాన్న ఉత్తరం మడతపెట్టాడు. సోషలు చెప్పే మనిషికి రోము కొండలు తెలియవా? ఆయన పోయాడు, ఇక అడగలేను. కానీ ఆయన మౌనం వెనక నేను దాక్కోను. అబద్ధం నాది, గొంతు నాది.

అవ్వ పంపనంది, సిస్టరు సుక్రి పేరు కొట్టేసి నా పేరు రాసింది. సుక్రి ఏడవలేదు. గడ్డికుప్పలు కాలితో తన్నేసింది. ఆ తర్వాత వాళ్ల అవ్వతో మాట్లాడటం మానేసింది. మేము బయల్దేరే రోజు ప్లాను కాగితాలు చింపి నా చేతిలో పెట్టింది. "అన్నీ సూడు. వచ్చి నాకు సెప్పాల."

రోములో ఫాదరు మమ్మల్ని బస్సు ఎక్కించాడు. చాలాసేపు కిటికీలోంచి చూసి, కొండలు ఎప్పుడొస్తాయని అడిగాను. "రెండు దాటేశాం కదా," అన్నాడు. తర్వాత ఒక కొండ మీదికి మెట్లు ఎక్కించాడు. ఒకప్పుడు గుర్రాలు నడవడానికి కట్టారట, వెడల్పుగా, ఒక్కో మెట్టూ బెత్తెడు ఎత్తు కూడా లేదు. చేతికర్రతో ఒక ముసలామె నన్ను దాటి పైకి వెళ్లింది. ఒక్క చుట్టలో సగం కూడా కాలదు ఆ కొండ. ప్లాను ప్రకారం ఊట దగ్గర నీళ్లు తాగాం, దొడ్డి నీడలో రొట్టె తిన్నాం, గుడిలో ప్రార్థన చేశాం. అన్నీ అయిపోయేసరికి ఇంకా మూడున్నర. ఇంకేం చూస్తావు అని ఫాదరు అడిగాడు. కాగితంలో ఇంకేం లేదు. గుడి మెట్ల మీద ఊరికే కూచున్నాం, పొద్దు వాలే దాకా.

తిరిగొచ్చాక సుక్రి ముందు పిక్కలు రుద్దుకుంటూ చెప్పాను. "నా కాళ్లు పడిపోయాయి సుక్రీ. నువ్వు రాకపోవడమే మంచిదైంది." ఇది రెండో అబద్ధం. మొదటిది ఆశతో ఆడాను. దీనికి ఆ సాకు కూడా లేదు.

సంచిక చదివిన మర్నాడు ఆ ప్లాను కాగితాలు పట్టుకుని సుక్రి ఊరు వెళ్లాను. ఇప్పుడు ఊరి దాకా తారురోడ్డు. ఆమె అంగన్‌వాడీలో పిల్లలకి పాటలు చెబుతోంది. పిల్లలు వెళ్లిపోయాక, అరుగు మీద కూచుని చింతపండు గింజలు తీస్తూ అంతా వింది.

"నా కాయితంలోది అంతా ఎప్పుడికి అయిపోనాది?" అంది.

"మూడున్నరకి."

చేతులు ఆగిపోయాయి. చింతపండు పక్కకి నెట్టి అంది. "మా అవ్వని తిట్టినాను రా. సచ్చినదాకా తిట్టినాను. ఆఖరికి నీళ్లు అడిగినప్పుడు కూడా, ఇరవై ఒక్క సుట్టలు లెక్కెట్టినావు కదే, లేచి తాగు అన్నాను."

నేనేదో అనబోయాను.

"నోరు ముయ్యి. నాను సెప్పింది రాయి. నాను ఇవ్వనేదు, నువ్వు ఎత్తుకుపోనావని రాయి. ముసిల్ది తప్పు సెయ్యనేదని రాయి. సదివి వినిపించు."

కాగితాలు నా చేతిలోంచి లాక్కుని లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

ఇప్పుడు ఆ దారిలో కిలోమీటరు రాళ్లున్నాయి. గెడ్డలోకి సిమెంటు మెట్లున్నాయి, నీళ్లు లేవు. హాస్టలు వాకిలి బండలు పరిచిన పార్కింగు అయింది. చుట్టల్లో దూరం చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. వాళ్ల అవ్వ లెక్క తప్పు కాదు, ఆమె నేను చెప్పిన కొండల్ని లెక్కపెట్టింది. ఆదివారం ఇది తీసుకెళ్లి సుక్రి అరుగు ముందు నిలబడి చదువుతాను. తలుపు తీసినా, తీయకపోయినా, లోపలికి వినబడేలా.