లేసు మామ్మగారి పొరపాటు

మా పక్కింటి లేసు మామ్మగారు మొన్న గురువారం పోయారు. నరసాపురంలో యాభై ఏళ్ళు లేసు అల్లిన చేతులవి. "పెద్దావిడ, మంచాన పడకుండా పోయింది" అని వీధంతా సర్దుకుంది. నేను సర్దుకోలేను. ఆవిడతో మాకింకా చాలా పని ఉంది.

కిందటేడు మా అక్క కూతురికి ఆరేళ్ళు. కథ ఒకసారి వింటే అక్షరం పొల్లు పోకుండా చెప్పేస్తుంది. పెన్సిల్ మాత్రం చేతిలో నిలవదు, మెట్లు దిగుతూ పడిపోతుంది. బడిలో బద్ధకం అన్నారు, బంధువులు గారాబం అన్నారు. పిల్లల డాక్టరుగారు డిస్‌ప్రాక్సియా అన్నారు. ఏం చెయ్యాలో బుర్రకు తెలుసు, ఎలా చెయ్యాలో ఒంటికి వరస అందదు. దొరికిన కరపత్రాలన్నీ చదివి నేను వీధిలో అందరితోనూ పోట్లాడాను. మామ్మగారు నాకు 'కరపత్రం' అని పేరే పెట్టారు.

"ఏరా కరపత్రం, ఏంటా జబ్బు? ప్రాక్టీసా?"

"డిస్‌ప్రాక్సియా, మామ్మగారూ. జబ్బు కాదు."

"అదేలే, ప్రాక్టీసు చాలలేదు. నా దగ్గరికి పంపు."

వారం రోజులు పిల్ల చేతికి లేసు సూది ఇచ్చి ఒకే గొలుసు కుట్టు మళ్ళీ మళ్ళీ అల్లించారు. ఎనిమిదో రోజు పిల్ల ఆ గుమ్మం ఎక్కనని ఏడ్చింది. నేను వెళ్ళి అరిచాను.  శనివారం పిల్లని థెరపీకి తీసుకెళ్తుంటే ఆవిడా మాతోపాటు రాజమండ్రి బస్సెక్కారు.

అక్కడ థెరపీ చేసే అమ్మాయి బంతి పట్టుకోవడాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కా పిల్ల చెయ్యి పట్టుకుని నేర్పింది. మామ్మగారు కుర్చీ ముందుకు జరుపుకుని చూశారు. తిరుగు బస్సులో అన్నారు: "మా అమ్మ నాకు లేసు ఇలాగే నేర్పిందిరా. ఇప్పుడు చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది కదా, మర్చిపోయాను. పిల్లదాన్ని ఊరికే ఏడిపించాను." ఆ తర్వాత ప్రతి శనివారం బస్టాండులో మాకంటే ముందు ఆవిడే.

ఏడాది చివర బడివాళ్ళు పిల్లని మళ్ళీ ఒకటో తరగతిలోనే ఉంచుతామన్నారు. ఇష్టం లేకపోతే టీసీ తీసుకోమన్నారు. నేను లేచాను.

"కోపం తెచ్చుకో, పర్లేదు. డాక్టరు కాగితం కూడా తెచ్చుకో" అంటూ పిల్ల చెయ్యి పట్టుకుని ఆవిడా బయల్దేరారు.

హెడ్మాస్టరుగారు "ఇంట్లో బాగా ప్రాక్టీసు చేయించండి" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకున్నారు.

"నేనూ ఆ పొరపాటే చేశానండి. ఆ ఏడుపు నేను విన్నాను, మీకొద్దు. రాయమనకండి, పాఠం నోటితో అడగండి, చెబుతుంది."

అడిగారు. చెప్పింది. రెండో తరగతి, నోటి పరీక్ష అని కాగితం మీద రాసిచ్చేదాకా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

వచ్చే ఏడు మళ్ళీ ఇదే గొడవ. ఒక పిల్లకి తన తరగతి దక్కాలంటే ఒక ముసలావిడ బడికెళ్ళి బైఠాయించాలా? ఇదేం న్యాయం? ఆవిడ లేరని మేం అడగడం మానం.

పలకరింపుకు వచ్చినవాళ్ళకి నిన్న మా పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. చెయ్యి ఊగి సగం నేలపాలయ్యాయి. "ఇలా ఇవ్వమ్మా, ఒలకబోస్తావు" అని ఎవరో చెయ్యి చాపారు. ఇవ్వలేదు. గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు.