రంగు తేడా

మొన్న మా చిన్నాయినను కళ్ళద్దాల కోసం నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ రకరకాల రంగుల అట్టలు చూపించి, ఈ వయసులో రంగులను ఇంత బాగా గుర్తుపట్టేవారిని చూడలేదనీ, దగ్గరి చూపుకు అద్దాలు పెట్టుకుంటే చాలుననీ అన్నది. ఆయన సంబరపడలేదు. బయటికొచ్చాక మెట్ల మీదే ఆగి, "మరి గప్పుడు రంగెట్ల తప్పిందిరా?" అని అడిగాడు. నేను ఆటో కోసం చూస్తున్నట్టు మొహం తిప్పుకున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను పోచంపల్లిలో చేనేత సంఘం గుమస్తాని. మొదట్లో పట్నం దుకాణాల ఆర్డరు కాగితం బస్సులో వస్తే, దాన్ని పట్టుకుని నేసేవాళ్ళ ఇంటికి పోయి, మగ్గం పక్కన నిలబడి చదివి, వాళ్ళు సరేనన్నాకే జవాబు రాసి, ఆ వంకన ఒక చాయ్ కూడా తాగి వచ్చేవాణ్ణి. తర్వాత దుకాణాల కంప్యూటర్లూ మాదీ ఒకే నెట్‌వర్క్‌లో కలిశాయి. ఆర్డరు తెర మీదికే వచ్చేది, నేను 'ఒప్పుకున్నాం' అని నొక్కితే ఆ క్షణానే వాళ్ళకు చేరేది. నడక తప్పిందని మురిసిపోయాను.

ఒకరోజు చిన్నాయిన నేస్తున్న చీరలకు మార్పు వచ్చింది, నెమలి నీలం వద్దు, కొంచెం ముదురు నీలం కావాలని. మా దగ్గర ముందు నూలుకే కట్లు కట్టి రంగులో ముంచుతారు, ఆ తర్వాతే నేత. అప్పటికే ఏడు చీరల పడుగు, అంటే నిలువు నూలు, నెమలి నీలం రంగు పడి మగ్గమెక్కింది. కుదరదని రాయాల్సినవాణ్ణి, చదవనైనా చదవకుండా, అలవాటుగా 'ఒప్పుకున్నాం' నొక్కేశాను.

మార్పు సంగతి తెలియని చిన్నాయిన నెమలి నీలంలోనే నేసి పంపిన ఏడు చీరలూ వాపసు వచ్చాయి. తెర మీద కారణం రెండే మాటలు, రంగు తేడా. వెనక్కి వెతికితే నా తప్పు కనబడింది. చిన్నాయిన చీరలను ఎండలో పరిచి చాలాసేపు చూసి, "నా కండ్లు పోయినయ్ బిడ్డా, సంఘం పేరు చెడగొట్టిన" అన్నాడు. నౌకరీ పోతుందని నేను నోరు మెదపలేదు. రంగులు కలపడంలో ఊరంతా సలహా అడిగే మనిషి, ఆ రోజు నుంచి రంగు తొట్టి ముట్టలేదు, ఇతరులు అద్దిన నూలే తల వంచుకుని నేశాడు. నేను పిరికివాణ్ణి, అంతే.

ఒక్క మాట కనుక్కోవడానికి ఒకప్పుడు ఎంతో నడిచేవాళ్ళం. ఇప్పుడు సంఘంలో కాగితమే లేదు, నడిచే మనిషీ లేడు. ఆనాడు మగ్గం పక్కన నిలబడి ఆ మార్పు చదివి ఉంటే, ఆయన నవ్వి, "ఇగ కుదరదురా, రంగు ఏసిన" అనేవాడు, అంతటితో పోయేది. చిన్నాయిన ఇల్లు మాకు నాలుగిళ్ళ అవతలే. కొత్త అద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నాడు. ఈ ఒక్క మాట పట్టుకుని ఆ నాలుగిళ్ళు నడవడం ఇంకా నా వల్ల కాలేదు.