తండ్రి లేని పిల్లల టిఫిన్ డబ్బా

ఇయ్యాల ఉప్పల్ చౌరస్తాల మన పచ్చళ్ల సార్ పుట్టినరోజు ఫ్లెక్సీ సూసిన. నాచారంల నాతోని పెరిగినోళ్లకు యాదికున్నడా? సైకిల్ మీద పచ్చళ్లు అమ్మి, ఫ్యాక్టరీ పెట్టినాయన. కారం కలిపే దినం గల్లీ మొత్తం తుమ్మేది. ఫ్లెక్సీల 'అనాథలకు తండ్రి' అని రాసిన్రు. నవ్వు మాత్రం అప్పటిదే.

ఓ యేడు ఆయన తండ్రి లేని పిల్లలకు స్టీల్ టిఫిన్ డబ్బాలు పంచిండు. మూత మీద తన పేరు, కింద 'తండ్రి లేని పిల్లలకు' అని చెక్కిచ్చిండు. ఇరవై డబ్బాలు తెస్తే పందొమ్మిది మందే వచ్చిన్రు. పేపరోళ్లు కెమెరాలు పట్టుకొని నిలవడ్డరు.

మా నాయిన ఆయన దగ్గర ప్యాకింగ్ పని చేసేటోడు. ఆ దినం డబ్బాల ట్రే పట్టుకొని సార్ పక్కన ఉన్నడు. నేను ఊకె సూడనీకి పోయిన.

"యాదగిరీ, నీ బిడ్డను లైన్ల నిలవెట్టు. ఫొటోకే కదా," అన్నడు సార్.

నాయిన ట్రే పక్కకు పెట్టిండు. నా జబ్బ పట్టుకొని నిలవెట్టిండు.

సార్ మైకు నా మూతి కాడ పెట్టిండు. "నాయిన లేడా బిడ్డా?"

నాయిన దిక్కు సూసిన. చెప్పమన్నట్టు తలూపిండు.

"లేడు సార్."

అందరు చప్పట్లు కొట్టిన్రు. నాయిన ట్రేలకెల్లి డబ్బా తీసి సార్ చేతికిచ్చిండు.

ఆ డబ్బా నేను బడికి తీస్కపోనన్న. స్టీల్ మంచిగున్నదని నాయిన ఉంచుకున్నడు. ఆ ఫ్యాక్టరీల పని బందు చేసేదాంక రోజూ అండ్లనే అన్నం తిన్నడు.