జీలుగు బెండు క్రేను

నా చిన్నప్పుడు మా ఇంట్లో చుట్టాల సంగతుల కంటే ఆవిరి క్రేను సంగతులే ఎక్కువ. ధవళేశ్వరంలో ఆనకట్ట దగ్గరి యార్డులో ఉండేదది. రాళ్ళూ ఇనుప తలుపులూ ఎత్తే ఆ పాత యంత్రాన్ని నడిపేది మా నాన్న. పండగ పూట కూడా ఓసారి చూసొస్తానని వెళ్ళేవాడు. మా మామ్మ దాన్ని పెద్దకోడలని వెక్కిరించేది.

ఒకరోజు దాన్ని తుక్కు కింద అమ్మేశారని, త్వరలో ముక్కలు కోసి లారీల్లో పట్టుకుపోతారని తెలిసింది. ఆ రాత్రి నాన్న కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. క్రేను పోయేలోగా అచ్చం అలాంటిదే చేసి ఆయన చేతిలో పెట్టాలని పంతం పట్టాను. అసలే నేను మొండిఘటాన్ని.

చేలగట్ల మీద జీలుగు కోసుకొచ్చి, ఎండిన బెండుని బ్లేడుతో చెక్కడం మొదలెట్టాను. బడి వదలగానే యార్డు కంచె పట్టుకుని చూడడం, ఇంటికొచ్చి చెక్కడం. ఇల్లంతా బెండు పొట్టే. మామ్మ చీపురు పట్టుకుని తిట్టని తిట్టు లేదు. వేళ్ళు తెగినా వదల్లేదు. చక్రాలు, పొడుగాటి చెయ్యి, బాయిలరు, పొగగొట్టం, దారానికి వేలాడే కొక్కెం, అన్నీ కుదిరాయి. ఆఖరికి కాటుక పూసి నలుపు కూడా తెప్పించాను.

నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం వెలిగిపోయింది. కొక్కేన్ని వేలితో ఊపాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"చాలా బావుందమ్మా. మరి ఇందులో నేనెక్కడ నిలబడాలి?"

చూద్దును కదా, బాయిలరుకీ మీటలకీ మధ్య చీమ దూరే సందు లేదు. బాయిలరు ముద్దుగా ఉండాలని లావుగా చెక్కి ఆయన జాగా అంతా మింగేశాను. ఎవరి కోసం చేశానో ఆయనకే చోటు లేదు. ఉక్రోషంతో పారేస్తానని లాక్కోబోతే ఆయన ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే కాపలా ఆయన్ని బతిమాలి నన్ను యార్డులోకి తీసుకెళ్ళాడు. క్రేను ఎక్కించి, తను రోజూ నిలబడే ఇనుప రేకు మీద నన్ను నిలబెట్టాడు. ఆయన పాదాలు రాసుకుని రాసుకుని అది నున్నగా అరిగిపోయి ఉంది. నా చెయ్యి తీసి మీట మీద పెట్టాడు.

"ఇక్కణ్ణుంచి చూసి చెయ్యి. కంచె అవతల్నుంచి కాదు."

నా వీపు వెనకే బాయిలరు. ఎండాకాలం ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేట్టు ఎందుకు తడిసేదో అప్పుడు తెలిసింది. నాన్న మీద అంత జాలీ అంత ప్రేమా నాకెప్పుడూ కలగలేదు.

ఇంటికొచ్చి బాయిలరు విరిచేసి మళ్ళీ చెక్కాను. కోసేవాళ్ళు వచ్చేనాటికి పూర్తయింది. యార్డులో ఇనుము తెగుతున్న చప్పుడు మా వీధి దాకా వినిపిస్తూనే ఉంది. నాన్న అరుగు మీద కూర్చుని, నా బెండు క్రేనులో తన చోట చిటికెన వేలు ఆనించి చూసుకున్నాడు.

"సరిపోయానమ్మా" అన్నాడు.

ఇప్పుడు రాజమండ్రిలో మా మేడ మీద గది నిండా పాత రోడ్డు రోలర్ల, డ్రెడ్జర్ల, క్రేన్ల నమూనాలే. ఇలాంటివి చేసే కుర్రకారు ఫోన్లో ఫొటోలు పంపి కొలతలు అడుగుతుంటారు. కొలతలకేముందండీ, ముందు దాని మీద పనిచేసిన మనిషి ఎక్కడ నిలబడేవాడో కనుక్కోండి, అంటాను. అది తెలిసేదాకా నేను బ్లేడు ముట్టుకోను.