ఎడమ కాలు ముందు

ఖగేన్ నస్కర్ ముప్పై రెండేళ్లు గరియా–హౌరా బస్సులో కండక్టరు. ఎప్పుడూ కమ్మీ పట్టుకుని ఎరగడు. నేను బండి కదిలించే ముందే ముందుకి వంగేవాడు, బ్రేకు మీద కాలు వేయబోతుంటేనే వెనక్కి వాలేవాడు. పదకొండేళ్లు ఆ బండి నడిపిన నాకే అంతు చిక్కని విద్య అది.

మా కలకత్తాలో మగవాళ్ల కోసం బస్సు ఆగదు, కాస్త నెమ్మదిస్తుంది. ఖగేన్‌దా, అంటే మా ఖగేన్ అన్న, బస్సు రేకు మీద చరిచి "నెమ్మది! లేడీస్, చంకలో పిల్ల!" అని అరిస్తేనే పూర్తిగా ఆపుతాను. మిగతా అందరికీ ఆయన పాఠం ఒకటే.

"ఎడమ కాలు ముందు పెట్టు దాదా. ఒళ్లు వెనక్కి వాల్చు. బస్సు నిన్ను వదిలేసినా నీ బరువు వదలదు, బొడ్డు దగ్గర పట్టుకుని ముందుకు తోస్తుంది."

తను దింపిన ఒక్క మనిషీ పడలేదని ఒకటే గొప్పలు. అరవై నిండగానే మానేస్తానన్నాడు. తారకేశ్వరం శివుడి గుడికి గంగనీళ్ల కావడితో నడిచి వెళ్లే మొక్కు సెలవు దొరక్క ఏళ్లుగా వాయిదా పడుతోంది. ఈ శ్రావణంలో ఎలాగైనా తీర్చాలని పట్టుబట్టాడు.

ఆఖరి రోజు ప్రయాణికులు బంతిపూల దండ వేసి, చేతిలో సందేశ్ మిఠాయి పెట్టె పెట్టారు. జాదవ్‌పూర్‌లో ఆయన దిగాలి. ఇన్నేళ్లలో ఈయన కోసం ఒక్కసారైనా బస్సు ఆగలేదే అనిపించి, ఆ గౌరవం నేనే ఇద్దామనుకున్నాను. కుదుపన్నది తెలియకుండా, గ్లాసులో టీ తొణక్కుండా ఆపాను. నా పనితనం చూసుకుని మురిశాను కూడా.

ఆయన లోపలివాళ్లతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. బండి ఆగిందని ఒంటికి తెలియలేదు. అలవాటుగా ఎడమ కాలు దించి, ఒళ్లు వెనక్కి వాల్చాడు. ముందుకు తోసే వేగమేదీ? వెల్లకిలా పడ్డాడు. తుంటి ఫుట్‌బోర్డు అంచుకి తగిలింది.

అద్దంలో అంతా చూశాను. నమ్మలేకపోయాను. పడింది ఖగేన్‌దా! స్టీరింగు మీంచి చేతులు రాలేదు, ఎవరో వచ్చి నన్ను కిందికి దింపారు.

తుంటి ఎముక విరిగిందని, ఇక కర్ర లేకుండా గది దాటడమే గొప్పని డాక్టరు చెప్పాడు. నేను మంచం పక్కన నిలబడ్డాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"లేడీస్ అని నేను అరవలేదు కదరా సుబల్. మరెందుకు ఆపావు?"