చెంబు నిండేంతసేపు

మధ్యాహ్నం బల్ల మీది కంప్యూటరు ఆన్ చేయగానే దాన్ని చల్లబరిచే నీళ్ల గొట్టంలో గుడగుడమని గాలి మెదిలింది. కాగిన రబ్బరు వాసన వచ్చింది. చిత్తూరులో, నా సొంత షాపులో కూర్చుని ఉన్నా సరే, ఆ వాసనకు పాత కోపం రగిలింది. ఈ పని నేను తిరుపతిలో ఆచారి సార్ షాపులో నేర్చుకున్నాను. నుదుట నామం చెదరకుండా, చొక్కా నలగకుండా స్క్రూడ్రైవర్ పట్టేవారాయన.

ప్రాసెసర్ మీద కూర్చుని, దాని వేడిని తనలో పారే నీళ్లకు అప్పగించే రాగి దిమ్మను మేం బ్లాక్ అంటాం. ఏ కొత్త బ్లాక్ వచ్చినా సార్ రెండు పరీక్షలు పెట్టేవారు. వేడి ఎంత తగ్గిందో తెర మీద చూడటం ఒకటి. రెండోది ఆయన సొంతం. తిరిగొచ్చే గొట్టాన్ని ఇత్తడి చెంబులోకి వదిలి, అది ఎంతసేపటికి నిండుతుందో చూసేవారు. "లోపల రేకులు దగ్గర దగ్గరగా ఉంటే వేడిని బాగా లాగతాదమ్మా. కానీ నీళ్లు పోవల్ల గదా! ఆ నీళ్లే మళ్లా గ్రాఫిక్స్ కార్డుకూ పోవల్ల," అనేవారు. నాకు అదే వేదమైంది.

ఒకసారి రెండు బ్లాకులు పక్కపక్కన పెట్టి చూశాం. ఇరుకు రేకులది ప్రాసెసర్‌ను కాస్త ఎక్కువ చల్లబరిచింది గానీ, చెంబు నింపడానికి ఏడిపించింది. రెండోది బడబడా నింపేసింది. అప్పటికే ఇరుకుదాని ఏజెన్సీ సార్ తీసుకుని ఉన్నారు. ఆ వారమే నగరి నుంచి పెళ్లి వీడియోలు చేసే సుధాకరన్న వచ్చాడు. ఒకే పంపుతో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ చల్లబడాలన్నాడు. సార్ అతనికి వేడి లెక్క ఒక్కటే చూపించి ఇరుకుదాన్ని అంటగట్టారు.

"సార్, చెంబు?" అన్నాను.

"నీకేం తెల్సు, ఊరుకో."

ఊరుకోలేదు. "అన్నా, ఇది మీకు సరిపోదు," అన్నాను. సుధాకరన్న నా వైపు చూడనైనా లేదు, ఆ నామాన్నే నమ్మాడు.

ఎండాకాలం వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు కాగిపోయి, వీడియో మధ్యలో మిషన్ ఆగిపోయింది. అతను దాన్ని మోసుకుని భగ్గుమంటూ వచ్చాడు. "పెండ్లోళ్లు ఇంటికొచ్చి తిడతా ఉండారు సార్!"

సార్ తడుముకోలేదు. "ఈ పాప బిగించేటప్పుడు తప్పు సేసింది."

ఛీ! నాకు పని నేర్పిన నోటనే ఈ మాట విన్నాను! గొట్టం ఊడదీసి చెంబులోకి వదిలాను. నీళ్లు సన్నగా కారాయి. బ్లాక్ తప్పించి వదిలితే చెంబు పొంగిపోయింది. సుధాకరన్న తల దించుకున్నాడు.

"రేపట్నుంచి రావద్దు," అన్నారు సార్, చెంబు వంక చూస్తూ. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆయన్ని క్షమించలేదు, క్షమించను. ఆయన నేర్పిన పరీక్షను మాత్రం వదల్లేకపోయాను.

ఇవాళ బల్ల మీదున్న మిషన్‌కు ఆయన షాపు స్టిక్కరే ఉంది. లోపల అదే ఇరుకు రకం. "బిగించినోడు తప్పు సేసినాడంటక్కా. పనిలోంచి తీసేస్తానని సారు వాన్ని అందరి ముందరా తిట్టినాడు," అన్నాడు తెచ్చినాయన.

అల్మారాలోంచి నా చెంబు తీసి గొట్టం వదిలాను. సన్నగా కారే నీళ్లతో అది నిండేదాకా ఆయన్ను లేవనివ్వలేదు.

"బిగింపులో తప్పేం లేదన్నా," అన్నాను. "ఆ బిగించినాయన పేరేంది? రేపు ఈడికి పనికి రమ్మను."